ఇంజనుకీ ఆయాసం వస్తుంది

సింగపూరులో కొండలు లేవు. బుకిట్ తిమా అని ఒకటుంది గానీ దాని ఎత్తు 163 మీటర్లే. మా సింహాచలం కొండ ముందు అది గుట్ట కింద లెక్క. ఇక్కడ కారు నడిపేవాడికి ఎత్తు అంటే మల్టీ స్టోరీ కార్ పార్కులో ఆరో అంతస్తే. అందుకేనేమో, ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నా, కొండెక్కితే బండికి ఏమవుతుందో నేనెప్పుడూ ఆలోచించలేదు.

మొన్నామధ్య నాన్న వచ్చినప్పుడు గెంటింగ్ హైలాండ్స్ చూపిద్దామని బయల్దేరాం. క్రాంజీ స్టేషన్ దగ్గర 170 నంబరు బస్సెక్కి, వంతెన దాటి జొహోర్ బారులో దిగి, అక్కడ ఒక చిన్న కారు అద్దెకి తీసుకున్నాం. కౌలాలంపూర్ దాకా హైవే మీద బండి బాణంలా పోయింది. నాన్న కూడా "పర్లేదురా, పికప్ బానే ఉంది" అని సర్టిఫికెట్ ఇచ్చేశాడు. ఇది చిన్న విషయం కాదు. నాన్న ఇరవై రెండేళ్ళు విశాఖపట్నం నుంచి అరకుకి అంబాసిడర్ టాక్సీ తోలాడు. ఆయన నోట బండి గురించి మంచి మాట రావడం మా ఇంట్లో పదో తరగతి ఫస్ట్ క్లాసుతో సమానం.

అసలు కథ కొండ మొదలయ్యాక మొదలైంది. నలుగురం మనుషులం, డిక్కీ నిండా సామాను (అమ్మ కట్టిన పులిహోర గిన్నె వేరే). పైకి పోయేకొద్దీ యాక్సిలరేటర్ నేలకి నొక్కినా బండి కదలనంటోంది. ఇంజను అరుపు మాత్రం ఆకాశాన్నంటుతోంది. వెనక నుంచి హారన్లు.

"ఆ షాపువాడు డొక్కు బండి అంటగట్టాడు నాన్నా. వెనక్కెళ్ళాక వాడి సంగతి చెప్తా" అన్నాను పళ్ళు నూరుతూ.

నాన్న తాపీగా చెయ్యి చాపి ఏసీ ఆపేసి, అద్దం దించి, "బండి బానే ఉందిరా. దానికి ఊపిరి అందట్లేదు, అంతే. కొండెక్కితే నాకు మాత్రం అందుతోందా?" అన్నాడు.

నేను కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసినవాణ్ణి. నాన్న చదువు ఎనిమిదో తరగతి. ఆ మాట ఎంత కచ్చితమైన మాటో నాకు ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేసుకున్నాక గానీ అర్థం కాలేదు.

లెక్క ఇదీ. పెట్రోలు ఇంజను అంటే నిజానికి గాలి పీల్చే పంపు. మా అద్దె కారుది 1.3 లీటర్ల ఇంజను. రెండు చుట్లు తిరిగితే 1.3 లీటర్ల గాలి లోపలికి లాగుతుంది. లీటర్లు ఎక్కడైనా లీటర్లే, కానీ గాలి బరువు ఎక్కడైనా ఒకటి కాదు. సముద్ర మట్టం దగ్గర ఆ 1.3 లీటర్ల గాలి 1.6 గ్రాములు తూగుతుంది. సుమారు 1,800 మీటర్ల ఎత్తున్న గెంటింగ్ మీద 1.3 గ్రాములే తూగుతుంది. ఒక గ్రాము పెట్రోలు సరిగ్గా కాలాలంటే దాదాపు 14.7 గ్రాముల గాలి కావాలి. గాలి తగ్గితే కాల్చగలిగే పెట్రోలూ తగ్గుతుంది. ట్యాంకు నిండా ఉన్నా సరే, ప్రయోజనం లేదు. ప్రతి వెయ్యి అడుగులకీ మూడు శాతం చొప్పున బలం పోతుందని మెకానిక్కులు వేసే ఉజ్జాయింపు లెక్క కూడా దీనికి దగ్గరగానే వస్తుంది. సముద్రం పక్కన 100 గుర్రాల బండి గెంటింగ్ పైన 80 గుర్రాల బండి అయిపోతుందన్నమాట. లోపలి రాపిడికి పోయే గుర్రాలు మాత్రం పైకెళ్ళినా తగ్గవు. కాబట్టి నిజంగా మిగిలేది ఇంకాస్త తక్కువే.

ఇప్పటి కార్లలో సెన్సర్లుంటాయి. గాలి తగ్గిందని కనిపెట్టి పెట్రోలు కూడా ఆ మేరకి తగ్గిస్తాయి. బలం పెంచడం వాటి వల్ల కాదు గానీ కనీసం పొగ రాదు. నాన్న అంబాసిడర్ కి ఆ తెలివి లేదు. గాలి పల్చబడినా కార్బొరేటర్ ఆ లెక్కన పెట్రోలు తగ్గించదు. మిక్చరు చిక్కబడి, అనంతగిరి దాటేసరికి వెనకాల నల్ల పొగ, లోపల ప్లగ్గుల మీద మసి. "అందుకే స్క్రూ కాస్త తిప్పి లీన్ చేసేవాణ్ణి, మళ్ళీ దిగేటప్పుడు సరిచేసేవాణ్ణి. ఎందుకో మాకెవరూ చెప్పలేదు. చెయ్యాలని మాత్రం తెలుసు" అన్నాడు.

సరే, ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ తర్వాతి ఆదివారం నాన్నని మా ఇంటి దగ్గరున్న క్రాంజీ వార్ మెమోరియల్ కి తీసుకెళ్ళాను. ఇంట్లో కూర్చోబెడితే టీవీ చానళ్ళు మార్చి మార్చి రిమోట్ అరగదీస్తున్నాడని. అక్కడ ఆయన అడిగిన ఒక ప్రశ్న నన్ను నెల రోజులు పుస్తకాల చుట్టూ తిప్పింది.

*

క్రాంజీ అంటే చాలామంది సింగపూరు తెలుగువాళ్ళకి గుర్తొచ్చేవి రెండే. ఒకటి 2024 అక్టోబరులో చివరి పందెం నడిచి మూతపడ్డ గుర్రప్పందాల మైదానం, రెండోది మలేసియా వెళ్ళే బస్సులు. స్టేషన్ నుంచి పది నిమిషాలు నడిస్తే ఒక పచ్చటి గుట్ట మీద తెల్లటి రాళ్ళు వరసలు వరసలుగా కనిపిస్తాయి. ఒక్కో రాయీ ఒక సమాధి. 4,400 మందికి పైగా అక్కడ ఉన్నారు. అందులో 850 మందికి పైగా ఎవరో ఏమిటో తెలియనివాళ్ళు. గుట్ట పైన స్మారకం. సమాధి కూడా దొరకని 24 వేల మందికి పైగా సైనికుల పేర్లు దాని గోడల మీద చెక్కి ఉన్నాయి. కోలిన్ సెయింట్ క్లెయిర్ ఓక్స్ అనే ఆర్కిటెక్టు దాన్ని రూపొందించాడు. 1957 మార్చి 2న అప్పటి గవర్నరు సర్ రాబర్ట్ బ్లాక్ ఆవిష్కరించాడు.

నాన్న కింద నుంచే నడుం మీద చేతులు పెట్టుకుని పైకప్పు చూశాడు. "ఇదేంట్రా, విమానం రెక్కలా ఉంది?"

నిజంగానే అది విమానం రెక్కే. కింద వరసగా నిలబడ్డ గోడలు కవాతు చేస్తున్న పదాతి దళం, వాటి మీద పరిచిన కప్పు విమానం రెక్క, దాని నడినెత్తిన ఉన్న స్తంభం జలాంతర్గామి బురుజు. మూడు దళాలూ ఒకే కట్టడంలో వచ్చేలా కట్టారు.

గోడల మీద పేర్లు రెజిమెంట్ల వారీగా ఉంటాయి. నాన్న కళ్ళజోడు సవరించుకుని ఒక్కొక్కటీ చదువుకుంటూ పోయి ఒకచోట ఆగిపోయాడు. హైదరాబాద్ రెజిమెంట్.

"మనోళ్ళేనా?"

"పేరు మనదే నాన్నా, మనుషులు ఎక్కువమంది ఉత్తరాది వాళ్ళు" అన్నాను. అది అప్పటికి నాకు తెలిసిన ముక్క. నిజాం దగ్గరున్న పాత కంటింజెంట్ సేన నుంచి పుట్టింది ఈ 19వ హైదరాబాద్ రెజిమెంట్. పేరు దక్కనుదే అయినా చేరినవాళ్ళలో కుమావూనీలు, అహీర్లు, జాట్లు ఎక్కువ. 1945లో పేరు మార్చి కుమావూన్ రెజిమెంట్ అన్నారు. దాని నాలుగో బెటాలియన్ 1942 జనవరి 7న మలయాలోని స్లిమ్ నది దగ్గర జపాన్ ట్యాంకులకి మొట్టమొదట ఎదురుపడి ఛిన్నాభిన్నమైంది. ఇది కాక హైదరాబాద్ సంస్థానం సొంత సేన నుంచి ఒక ఇన్‌ఫంట్రీ బెటాలియన్ కూడా మలయా వచ్చింది. దానికి అప్పగించిన పని కోట బారు విమానాశ్రయానికి కాపలా. 1941 డిసెంబరు 8 అర్ధరాత్రి దాటాక జపాన్ సేనలు దిగింది సరిగ్గా ఆ కోట బారు తీరంలోనే, పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడడానికి గంట ముందు.

నాన్న అంతా విని, మళ్ళీ ఆ రెక్క వంక చూసి అడిగాడు. "మరి పైనుంచి మన విమానాలు కాయలేదా?"

ఆ ప్రశ్నకి జవాబు వెతుకుతూ పోతే, గెంటింగ్ కొండ మీద మా అద్దె కారు దగ్గర తేలాను.

*

కాయడానికి విమానాలు ఉన్నాయి. వాటి పేరు బ్రూస్టర్ బఫెలో. పేరుకి తగ్గట్టే పొట్టిగా, బండగా, పీపాలా ఉంటుంది. అమెరికా తయారీ. బ్రిటన్ తన అవసరానికి 170 కొన్నది. తీరా పరీక్షించి చూస్తే యూరప్ లో జర్మన్ ఫైటర్లకి ఇవి ఆనవని తేలింది. మరేం చెయ్యాలి? తూర్పుకి పంపించారు. అప్పటి తూర్పు ప్రాంత సర్వసేనాని ఎయిర్ చీఫ్ మార్షల్ బ్రూక్-పోపమ్ పత్రికలవాళ్ళతో, స్పిట్‌ఫైర్లూ హరికేన్లూ ఇంగ్లండునే ఉంచుకోమనండి, మాకు ఇక్కడ బఫెలోలు చాలు అన్న అర్థం వచ్చేలా మాట్లాడాడు. జపాన్ విమానాలు అంతకన్నా నాసిరకం అని అప్పట్లో గట్టి నమ్మకం.

మా ఫీల్డులో ఈ మాట తరచు వింటాం. "మా మెషీన్ లో బాగానే నడిచింది సార్" అని. నడిచింది, కానీ నడవాల్సిన చోటు అది కాదు.

బఫెలో ఇంజను రైట్ సైక్లోన్, తొమ్మిది సిలిండర్లు, సుమారు వెయ్యి హార్స్ పవర్ పైచిలుకు. కవచం, తుపాకులు, పెట్రోలు అన్నీ కలిపి విమానం బరువు మూడు టన్నులు. అమెరికా నేవీ వాడుకున్న తర్వాతి రకంలో 1,200 హార్స్ పవర్ ఇంజను ఉంటే, బ్రిటన్ కి ఎగుమతి చేసినవాటికి అంత బలమైనది పెట్టలేదు.

ఇక్కడ సింగపూరు ఎండ కూడా చూడాలి. ఇంజను లెక్కలన్నీ 15 డిగ్రీల చల్లటి వాతావరణానికి రాస్తారు. వేడెక్కితే గాలి వ్యాకోచిస్తుంది, పల్చబడుతుంది. 32 డిగ్రీల మధ్యాహ్నం సింగపూరు నేల మీదే గాలి ఐదారు శాతం పల్చన, అంటే చల్లటి దేశంలో 600 మీటర్ల ఎత్తున ఉన్నట్టు. మన హైదరాబాదు ఎత్తు సుమారు 540 మీటర్లు. కొండే లేని ఈ ఊళ్ళో బఫెలో రన్‌వే మీద నిలబడే ఒక హైదరాబాదు ఎత్తు ఎక్కేసి ఉండేది, ఇంకా చక్రం కదలకుండానే.

మరి జపాన్ బాంబర్లు ఎంత ఎత్తులో వచ్చేవి? 20 వేల అడుగుల పైన. 27 చొప్పున, కొంగల బారులా. 20 వేల అడుగుల దగ్గర గాలి సాంద్రత నేల మీదున్న దాంట్లో దాదాపు సగం. 25 వేల అడుగుల దగ్గర సగం కూడా లేదు. సైక్లోన్ ఇంజనుకి గాలిని నొక్కి లోపలికి పంపే సూపర్‌ఛార్జర్ ఉంది గానీ ఆ ఎత్తుల్లో దాని దమ్ము చాలలేదు. పైగా ఇంకో జబ్బు. ఎత్తు పెరిగేకొద్దీ ఇంజను నడిపే పెట్రోలు పంపు ఒత్తిడి పడిపోయేది. అప్పుడు పైలట్ ఒక చేత్తో విమానం నడుపుతూ ఇంకో చేత్తో పెట్రోలు పంపు కొట్టాలి, మనం బోరింగు కొట్టినట్టు. ఎదురుగా శత్రువు.

నిండు బరువుతో ఉన్న బఫెలోకి 25 వేల అడుగులకి చేరడానికి అరగంటకి పైగా పట్టేది. ఆ అరగంట ఎంత ఖరీదైనదో మలయా నక్ష ముందు పెట్టుకుంటే తెలుస్తుంది. బాంబర్లు ఉత్తరం నుంచి వస్తాయి. వాటిని దూరం నుంచే చూసి కబురు పెట్టే కాపలా చౌకీలు మలయాలో ఉండేవి. జపాన్ సేనలు దక్షిణానికి దిగుతున్నకొద్దీ చౌకీలు ఒక్కొక్కటీ పోయాయి. హెచ్చరిక సమయం కుంచించుకుపోయి, చివరికి విమానం ఎక్కడానికి పట్టే సమయం కన్నా తక్కువైపోయింది. ఇంక ఎంత ధైర్యం ఉన్నా లాభమేముంది? సైరన్ మోగగానే పరిగెత్తి ఎక్కినవాడు కూడా పైకి చేరేసరికి బాంబులు కింద పడి ఉండేవి. లేదా ఇంకా పైకి ఎక్కుతూ ఉండగానే, అప్పటికే పైనున్న జపాన్ ఫైటర్లు మీదికి దూకేవి.

కలాంగ్ లో ఉన్న న్యూజిలాండ్ 488 స్క్వాడ్రన్ వాళ్ళూ, మిగతావాళ్ళూ చేతనైన మరమ్మతు చేసుకున్నారు. ఇంజను బలం పెంచలేం, బరువైనా తగ్గిద్దామని బరువైన తుపాకులు పీకి తేలికవి పెట్టారు. పెట్రోలు తక్కువ నింపారు. గుళ్ళు తక్కువ పెట్టారు. అలా వెయ్యి పౌన్ల దాకా తగ్గించారట. ఇది చదివినప్పుడు కొండ మీద ఏసీ ఆపేసిన నాన్న చెయ్యి గుర్తొచ్చింది. ఆ పైలట్లలో చాలామంది శిక్షణ బడి నుంచి అప్పుడే బయటికొచ్చిన కుర్రాళ్ళు. ఆ వయసులో నేను హాస్టల్ లో చపాతీలు బాలేవని ధర్నా చేస్తున్నాను.

*

తమాషా ఏమిటంటే, జపాన్ సైన్యం వాడిన హయబుసా ఫైటర్ ఇంజను బఫెలో ఇంజను కన్నా బలమైనదేమీ కాదు. అదీ వెయ్యి హార్స్ పవర్ లోపే. కానీ విమానం బరువు రెండు టన్నుల పైచిలుకు మాత్రమే. పైలట్ వెనక కవచం లేదు, గుండు తగిలితే పూడుకునే ట్యాంకు లేదు. మనిషి ప్రాణానికి పెట్టాల్సిన బరువు తీసేసి ఎత్తు కొనుక్కున్నారు. ఆ బాకీ తర్వాతి సంవత్సరాల్లో జపాన్ పైలట్లే తీర్చారు.

ఇంకో తమాషా. ఇదే బ్రూస్టర్ విమానాలు 44 ఫిన్లండు కొన్నది. వాటి ఇంజను ఇంకా చిన్నది, 950 హార్స్ పవర్. అయినా 1941 తర్వాత రష్యా మీద యుద్ధంలో ఫిన్నిష్ పైలట్లు వాటితో అద్భుతాలు చేశారు, ఇప్పటికీ ఆ విమానాన్ని ప్రేమగా తలుచుకుంటారు. ఎందుకు? ఆ రకం తేలిక. అక్కడి గాలి చల్లన, అంటే చిక్కన. పోరాటాలు ఎక్కువగా తక్కువ ఎత్తుల్లో జరిగాయి. పైలట్లు అనుభవజ్ఞులు. అరకు వెళ్ళని అంబాసిడర్ వైజాగ్ బీచ్ రోడ్డు మీద రాజులా తిరిగినట్టే.

కాబట్టి బఫెలో చెత్త విమానం అనేసి చేతులు దులిపేసుకోవడం కుదరదు. ఇంత వేడిలో, ఇంత బరువుతో, అంత ఎత్తుకి దాన్ని పంపడం చెత్త నిర్ణయం. మరి అప్పటికి ఈ సంగతి ఎవరికీ తెలియదా? ఇక్కడే నాకు ఒళ్ళు మండింది. తెలుసు. అప్పటికి 23 ఏళ్ళుగా తెలుసు.

1918 సెప్టెంబరులో శాన్‌ఫర్డ్ మాస్ అనే అమెరికన్ ఇంజనీరు ఒక లిబర్టీ విమాన ఇంజనుని లారీ మీద కట్టి, కొలరాడోలో పైక్స్ పీక్ అనే కొండ శిఖరానికి తోలించాడు. ఎత్తు 4,300 మీటర్లు. కింద 350 హార్స్ పవర్ ఇచ్చిన ఇంజను పైన 230 మాత్రమే ఇచ్చింది. దానికి పొగ గొట్టంలోంచి వచ్చే వేడి వాయువుతో తిరిగే టర్బో ఛార్జర్ తగిలిస్తే 356 ఇచ్చింది. కమ్మరి కొలిమికి తోలు తిత్తి ఎలాగో ఇంజనుకి ఇది అలాగ. బయట గాలి ఎంత పల్చనైనా నొక్కి నొక్కి లోపలికి ఊదుతుంది. జబ్బేమిటో, మందేమిటో, ఎంత మోతాదో ఆ కొండ మీదే తేలిపోయింది.

ఆ లిబర్టీ ఇంజనుకీ మనకీ ఒక చుట్టరికం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ బ్రిటన్ కి ఒక స్క్వాడ్రన్ విమానాలకి డబ్బిచ్చాడు. దానికి 110 (హైదరాబాద్) స్క్వాడ్రన్ అని పేరు పెట్టారు. వాళ్ళకిచ్చిన విమానం డీహెచ్-9ఏ. అంతకు ముందున్న డీహెచ్-9 ఇంజను బాంబులు మోస్తూ చాలినంత ఎత్తుకి ఎక్కలేక పైలట్ల ప్రాణాలు తీస్తోందని, 400 హార్స్ పవర్ లిబర్టీ ఇంజను పెట్టి కొత్త రకం చేశారు. ఆ కొత్త రకం మొదట అందుకున్నది ఈ హైదరాబాద్ స్క్వాడ్రనే, 1918లో. నిజాం కానుక అని విమానాల మీద రాయించారు. వాటిలో ఒకటి, హైదరాబాద్ నంబరు 12ఏ, 1918 అక్టోబరులో జర్మన్లకి చిక్కి, దశాబ్దాల తర్వాత పోలండు నుంచి తిరిగొచ్చి, బ్రిటన్ లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియం చేతికి చేరింది. అంటే ఎత్తులో దమ్ము చాలని ఇంజనుని మార్చడానికి పట్టిన ఖర్చులో కొంత మన దక్కను రైతు కట్టిన శిస్తు.

రెండో యుద్ధంలోనూ అంతే. నిజాం కానుకగా 152 (హైదరాబాద్) స్క్వాడ్రన్ వచ్చింది. 1940లో బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్ లో దక్షిణ ఇంగ్లండు ఆకాశాన్ని కాసిన స్పిట్‌ఫైర్లలో అవీ ఉన్నాయి. ఆ స్క్వాడ్రన్ బ్యాడ్జి మీద నిజాం తలపాగా, కింద నమ్మకమైన మిత్రుడు అనే అర్థం వచ్చే మాట. 253 స్క్వాడ్రన్ కూడా హైదరాబాద్ పేరు పెట్టుకున్నదే, దానివి హరికేన్లు. రెండిట్లోనూ రోల్స్ రాయిస్ మెర్లిన్ ఇంజను, ఎత్తుల్లో బాగా ఊపిరి పీల్చగలిగే సూపర్‌ఛార్జర్ తో.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. హైదరాబాదు డబ్బుతో కొన్న స్పిట్‌ఫైర్లు ఇంగ్లండు మీద తిరిగాయి. అదే హైదరాబాదు సంస్థానం పంపిన సైనికులు కోట బారులో విమానాశ్రయం కాపలా కాశారు. వాళ్ళున్న మలయా మొత్తానికి ఆకాశంలో కాపలా, ఇంగ్లండుకి పనికిరాదని పక్కన పెట్టిన బఫెలో.

ఇంగ్లండుకి ఆ రోజుల్లో నిజంగానే ప్రాణం మీదికొచ్చింది, కాదనను. 1941లో రష్యాకి హరికేన్లు పంపడానికీ కారణాలున్నాయి. కానీ మలయాకి 336 విమానాలు కావాలని లండన్ వాళ్ళే లెక్క కట్టారు, స్థానిక సేనానులు 566 అడిగారు. యుద్ధం మొదలైన రోజు ఉన్నవి 158. వాటిలో ఫైటర్లు ఎక్కువగా ఈ బఫెలోలే. ఎవరి ప్రాణానికి మెర్లిన్, ఎవరి ప్రాణానికి సైక్లోన్ అన్నది ఎవరో ఒక బల్ల ముందు కూర్చుని తేల్చారు.

1942 జనవరి 13న చివరికి సింగపూరుకీ హరికేన్లు వచ్చాయి. 51, పెట్టెల్లో, విడిభాగాలుగా. వీటి మెర్లిన్ ఇంజనుకి రెండు వేగాల సూపర్‌ఛార్జర్ ఉంది. అంటే కింద ఒక గేరు, పైన ఒక గేరు. రాత్రింబవళ్ళు బిగించి 20న ఎగరేస్తే ఆ రోజే బాంబర్లని కూల్చాయి. ఊళ్ళో ఆశ పుట్టింది. కానీ ఇవి ఎడారి యుద్ధానికని తయారైన విమానాలు. ముక్కు కింద ఇసుక ఆపే పెద్ద ఫిల్టరు, దానివల్ల వేగం తగ్గింది. ఇసుకే లేని ఊళ్ళో ఇసుక జల్లెడ పెట్టుకుని ఊపిరి పీల్చాల్సి వచ్చింది. మూడు నాలుగు రోజుల్లోనే నష్టాలు పెరిగాయి. ఆలోగా జొహోర్ ఒడ్డుకి జపాన్ ఫిరంగులు వచ్చేశాయి. మా ఇంటికి దగ్గర్లోని తెంగా విమానాశ్రయం, సెంబవాంగ్, సెలెతార్ మూడూ వాటి గురిలో పడ్డాయి. ఫిబ్రవరి 9 రాత్రి క్రాంజీ వాగు దగ్గర జపాన్ సేనలు దిగాయి. మరునాటికి మిగిలిన కొద్ది హరికేన్లూ కలాంగ్ నుంచి సుమత్రా వెళ్ళిపోయాయి. 15న సింగపూరు లొంగిపోయింది. చివరి ఐదు రోజులు ఆకాశం పూర్తిగా జపాన్ వాళ్ళది.

ఓటమికి విమానాలొక్కటే కారణం అనను. సేనల శిక్షణ, తప్పుడు అంచనాలు, ట్యాంకులు లేకపోవడం, ఇంకా బోలెడున్నాయి. కానీ తర్వాత చాలా ఏళ్ళు ఈ కథ చెప్పినవాళ్ళు భారతీయ సైనికులు నిలబడలేదనీ, ఆస్ట్రేలియన్లు పారిపోయారనీ, పైలట్లు అనుభవం లేనివాళ్ళనీ మనుషుల మీదే నేరం మోపారు. కొండ మీద నేను షాపువాణ్ణి తిట్టినట్టు. కళ్ళ ముందు కనిపించేవాణ్ణి తిట్టడం తేలిక. గాలి కనిపించదు కదా.

*

ఇవన్నీ చదివాక, నాన్న తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందు మళ్ళీ క్రాంజీ వెళ్ళాం. ఈసారి స్మారకం వెనక వైపుకి తీసుకెళ్ళాను. అక్కడ ఇంకో స్మారకం ఉంది, చాలామంది చూడకుండానే వెళ్ళిపోతారు. తమ మతాచారం ప్రకారం దహనం చేసిన దాదాపు 800 మంది పేర్లు అక్కడున్నాయి. దాదాపు అందరూ భారత సేన వాళ్ళే. సమాధి లేదు కాబట్టి రాయి లేదు, పేరు మాత్రం ఉంది.

నేను నాన్నకి మొత్తం కథ చెప్పాను. పైక్స్ పీక్ లారీ, నిజాం విమానాలు, అరగంట లెక్క, చేత్తో కొట్టే పెట్రోలు పంపు. లారీ మీద ఇంజను కట్టి కొండెక్కించడం ఆయనకి తెగ నచ్చింది. పంపు దగ్గరికొచ్చేసరికి మొహం మారిపోయింది.

"ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో పంపా? ఘాట్ లో ఒకసారి నాకు ఫ్యాన్ బెల్టు తెగింది. బండి పక్కన పెట్టుకుని కూర్చున్నా. వాళ్ళకి పక్కన పెట్టుకోడానికి కూడా లేదు కదరా" అన్నాడు.

కాసేపు రెక్క నీడలో కూర్చున్నాం. మంచి ఎండ. తెంగా వైపు నుంచి ఒక ఫైటర్ జెట్ లేచి, చెవులు గింగురుమనేలా మా మీదుగా నిట్టనిలువుగా పైకి పోయింది. కళ్ళు చికిలించుకుని అది చుక్కయ్యేదాకా చూస్తూనే ఉన్నాడు నాన్న.

"దీనికి ఆయాసం లేదు" అన్నాడు. తర్వాత లేచి, గోడ దగ్గరికి వెళ్ళి, హైదరాబాద్ అని రాసి ఉన్న చోట కాసేపు చెయ్యి పెట్టి నిలబడ్డాడు.

వచ్చే దారిలో, జొహోర్ లో ఆ కార్ల షాపువాడికి ఫోను చేసి తిట్టానా లేదా అని అడిగాడు. లేదన్నాను. "మంచి పని చేశావు" అన్నాడు.